రెండు ఎర్ర మూత డబ్బాలు

నా మనవరాలికి పల్లీలు పడవు. పడవు అంటే ఇష్టం లేదని కాదు, అరగవని కూడా కాదు. ఒక పల్లీ గింజలో సగం లోపలికి వెళ్ళినా పెదవులు ఉబ్బుతాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఆ తర్వాత గొంతు మూసుకుపోతుంది. ఈ మాట నాలుగేళ్ళలో ఎంతమందికి చెప్పానో ఆ లెక్క ఒక్కటి రాసుకోలేదు. మిగతావన్నీ రాసుకున్నాను.

రాసుకోవడం ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు. ముప్పై ఒక్క ఏళ్ళు అశ్వారావుపేట అవతల, అడవి అంచు ఊళ్ళలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. నెల మొదటి వారంలో పిల్లల్ని ఒక్కొక్కరినే తూకం సంచిలో కూర్చోబెట్టి, కిలోలూ గ్రాములూ రిజిస్టరుకు ఎక్కించేదాన్ని. బరువు తక్కువున్న పిల్లల తల్లులకు నేను చెప్పే మందు ఒక్కటే, పల్లీలూ బెల్లమూ. రెండూ కలిపి దంచి, ఉండ కట్టి, నా చేత్తోనే పిల్లల నోట్లో పెట్టేదాన్ని. ఒకామె మాత్రం తన కొడుక్కి వద్దనేది. తింటే కక్కుతున్నాడనీ, మూతి ఎర్రబడుతోందనీ చెప్పేది.

"కొత్తగా తింటే గట్లనే ఉంటది. అలవాటు చెయ్యి," అని కసిరాను.

ఆ పిల్లవాడు తర్వాత సెంటరుకు రావడం మానేశాడు. నేను వాడి పేరు ఎదురుగా వరసగా రెండు నెలలు 'గైర్హాజరు' అని రాసి, మూడో నెల పేరు కొట్టేశాను. వాడికి ఏమైందో వెళ్ళి అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆ కుటుంబం అక్కడ లేదు.

ఉద్యోగం అయిపోయాక ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాను. కొడుకు అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో పనిచేస్తాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్తాడు. కోడలు మధిర దగ్గర బడిలో టీచరు, రోజూ రైల్లో వెళ్ళి వస్తుంది. కనుక మనవరాలి తిండి మొదటి నుంచీ నా చేతిలోనే ఉంది. ఆమెకు మూడేళ్ళ రెండు నెలల వయసప్పుడు మొదటి పల్లీ ఉండ పెట్టింది కూడా నేనే. ఆరు నిమిషాల్లో కళ్ళు మూసుకుపోయేంతగా మొహం ఉబ్బింది. చీమ కుట్టిందనుకున్నాను. నెల తర్వాత మళ్ళీ పెట్టాను. ఆ రెండోసారి దవాఖానాలో డాక్టరు పరీక్షలు చేయించి, "ఇది తగ్గుతుందని ఆశ పెట్టుకోకండమ్మా. పెట్టకుండా ఉండటమే మందు," అన్నాడు. దద్దుర్లు మాత్రమే వస్తే సీసా మందు వెయ్యాలి. ఊపిరి పట్టేస్తే ఆలోచించకుండా తీసుకురావాలి. మా ఇంటి నుంచి ఆ దవాఖానాకు ఆటోలో ఎంతసేపు పడుతుందో మూడు వేర్వేరు పూటల వెళ్ళి చూశాను. పదకొండు, పద్నాలుగు, పదమూడు నిమిషాలు.

ఇంట్లోంచి పల్లీలు వెళ్ళిపోయాయి, పల్లీ నూనె వెళ్ళిపోయింది, పాత మిక్సీ జార్ వెళ్ళిపోయింది. ఎర్ర మూతలున్న స్టీలు డబ్బాలు రెండు కొన్నాను. పదకొండు నియమాలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. నాలుగోది పిల్ల కోసం పెద్ద అక్షరాలతో రాశాను. ఎర్ర మూత డబ్బాలో ఉన్నది ఎవరినీ అడగకుండా తినవచ్చు. మిగతా ఏదైనా అడిగి తినాలి. అయిదేళ్ళు నిండకముందే ఆమె ఆ నియమం చదవగలిగింది.

డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి ఇప్పపువ్వు లడ్డూలు. నా సెంటరులో ఆయాగా చేసిన కోయ ఆమె ప్రతి ఎండాకాలం ఎండిన ఇప్పపువ్వు మూట కట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతుంది. పువ్వులోని కేసరాలు ఒక్కొక్కటే ఏరేసి, నూనె లేకుండా వేయించి, జొన్నపిండీ నువ్వులూ బెల్లమూ కలిపి దంచి, నెయ్యి చేతికి రాసుకుని ఉండ చుట్టాలి. నువ్వులు పిల్లకు పడతాయని డాక్టరు చూసి చెప్పాడు. తీపి తక్కువ, కొంచెం వగరు. పిల్లకు ఇష్టం.

ఒకటో తరగతిలో పుట్టినరోజుకు తరగతి మొత్తానికీ అవే పంపాను. ముప్పై నాలుగు మంది పిల్లలు, టీచరు, ఆయా. నలభై లడ్డూలు చేశాను. అందరూ ఒకటే తింటే మా పిల్ల వేరుగా కూర్చోనక్కర్లేదని నా ఆలోచన. మర్నాడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకామె రాసింది: "ఇప్పపువ్వు అంటే సారా కాసేది కాదా? పిల్లలకు సారా లడ్డూలు పంచిండ్రా?" దాని కింద నవ్వే బొమ్మలు పదిహేడు. మా వాడు పొద్దుటి నుంచి తూలుతున్నాడని ఒక నాన్న రాశాడు. మీరు తాగిన దినం ఎంత తూలిన్రో అని ఇంకొకాయన. అందరూ హాస్యానికే అన్నారు. మూడో రోజు టీచరు గేటు దగ్గర నన్ను ఆపింది.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఇక నుంచి ఇంట్లో చేసినవి వద్దన్నారు మా హెడ్ మేడం. షాపులో దొరికే ప్యాకెట్లయితేనే పంచుతాం."

ప్యాకెట్ల వెనక సన్న అక్షరాల్లో పల్లీల జాడ ఉండవచ్చని రాసి ఉంటుంది. భూతద్దం పెట్టి చదివాను. మా వీధి దుకాణంలో ఇరవై ఆరు రకాలు తిప్పి చూస్తే, ఆ మాట లేనివి అయిదు. ఆ అయిదింట్లో పిల్లలు తినేది ఒకటి, ఉప్పు బిస్కెట్టు. పుట్టినరోజున ఉప్పు బిస్కెట్టు పంచే పిల్లగా మా మనవరాలికి బళ్ళో పేరు వచ్చింది.

బంధువుల ఇళ్ళలో ఇంకా కష్టం. బడిలో కనీసం వింటున్నట్టు నటిస్తారు. నా ఆడబిడ్డ మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. నాకంటే ఆరేళ్ళు చిన్నది. ఆమె మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు నేను ముందు రోజే వంటల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. గుత్తివంకాయలో పల్లీలు, పులిహోరలో పల్లీలు, చట్నీలో పల్లీలు, మిర్చి బజ్జీలు పల్లీ నూనెలో. ఒక గిన్నె పప్పూ అన్నమూ విడిగా వండమని వంట మేస్త్రీని అడిగాను.

"పల్లీ లేకుంటే ఇంకేం తింటదమ్మా ఆ పిల్ల? గాలి తింటదా?" అన్నాడు.

ఆడబిడ్డ నవ్వింది. "మా వదిన గంతే. ఆమె మనవరాలు అద్దాల పెట్టెలో బొమ్మ. ఏంది వదినా, మనం పుట్టలేదా, పెరగలేదా? ఒక్క గింజకు ఏమైతది?"

ఏమవుతుందో మర్నాడు ఆమే చూసింది. పిల్ల ఏమీ తినలేదు. పల్లీ చట్నీ తిన్న చేత్తో ఎవరో ముద్దుగా బుగ్గ గిల్లారు. రెండు నిమిషాల్లో ఆ బుగ్గ మీద వేళ్ళ గుర్తులు, ఎన్ని వేళ్ళో లెక్కపెట్టగలిగినట్టు, ఎర్రగా లేచాయి. తర్వాత కన్ను ఉబ్బింది. మందు వేశాను, గంటన్నరకు తగ్గింది. ఆడబిడ్డ పట్టుచీరతో నేల మీద కూర్చుని పిల్ల కాళ్ళు పట్టుకుంది.

"తెలవక అన్న బిడ్డా, నిజంగ తెలవక అన్న."

ఆ రోజు నుంచి ఆమె మారింది. మా బంధువుల్లో నా మాట నమ్మినవాళ్ళు ఎంతమంది అని అడిగితే ఒక్కరు, అది ఆమే. మా ఇంటికి వచ్చే ముందు చేతులు కడుక్కునేది. లడ్డూలు ఎట్లా చేయాలో అడిగి, కాగితం మీద రాయించుకుని వెళ్ళింది.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను.

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం ఆడబిడ్డ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పన్నెండు లడ్డూలు చేసి పంపాను. మనవరాలు కూడా అక్కడికి వెళ్తుంది, అక్కడ కూడా అడగకుండా తినాలి, అందుకని ఎర్ర మూత డబ్బాలోనే పంపాను. పిల్ల ఆ రోజు ఆ ఇంట్లో, పదిమంది పిల్లల మధ్య కూర్చుని, అందరితోపాటు తిన్నది. పిల్ల తిండి కోసం ఇంట్లో పెట్టుకున్న రిజిస్టరులో 'ఏమీ కాలేదు' అని రాశాను. అలా రాసిన రోజులే నాకు పండగ రోజులు.

డబ్బా అక్కడే ఉండిపోయింది. నా పదకొండు నియమాల్లో, డబ్బా ఇల్లు దాటకూడదన్న నియమం లేదు. నాకు తట్టలేదు.

మంగళవారం నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కోడలు మధిరలో, పిల్ల బడిలో. ఆడబిడ్డ డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చి, పక్కింట్లో తాళం తీసుకుని లోపలికి వెళ్ళింది. ఒకరి గిన్నె ఒకరికి ఖాళీగా ఇవ్వకూడదు కదా. మా ఇళ్ళల్లో ఎవరమూ ఇవ్వం. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తాం. ఆమె నేను రాసిచ్చిన కాగితం చూసి మొదటిసారి ఇప్పపువ్వు లడ్డూలు చేసింది. ఉండ నిలవక విరిగిపోతోందని, తన ఇంట్లోవాళ్ళ కోసమే కదా అని, గుప్పెడు పల్లీల పొడి కలిపింది. ఉండ నిలిచింది. అందులో ఏడు నా కోసం డబ్బాలో పెట్టింది. నా కోసమే. తను నేర్చుకున్నది నేను రుచి చూడాలని. ఎర్ర మూత అర్థం ఏమిటో నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. డబ్బాను దాని చోట, రెండో డబ్బా పక్కన, సరిగ్గా పెట్టి వెళ్ళింది.

నాకు ఫోన్ చేసింది, డాక్టరు దగ్గర ఉండి తీయలేదు. సాయంత్రం నేనే చేశాను. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆమె మోకాలు, నా కన్ను, వ్రతానికి రాని బంధువులు. డబ్బా మాట ఆమె మరిచింది, నేను అడగలేదు.

బుధవారం బళ్ళో తాతలూ నానమ్మల దినం. ఇంట్లో చేసినవి ఆ ఒక్కరోజు తెచ్చుకోవచ్చన్నారు, ఎవరి పిల్లకు వాళ్ళే పెట్టుకోవాలి. పొద్దున ఏడూ నలభైకి అల్మారా తెరిచాను. రెండు డబ్బాలు ఉండవలసిన చోట రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకటి బయటికి వెళ్ళింది అన్న సంగతే నాకు గుర్తు రాలేదు. చోటు ఖాళీగా ఉండి ఉంటే గుర్తు వచ్చేది. ముందున్న డబ్బా తెరిచాను. అదే రంగు, అదే సైజు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు గ్రాములు లెక్కపెట్టినదాన్ని, ఆ పూట కొత్త చీర కట్టుకునే తొందరలో లెక్కపెట్టలేదు. మూడు తీసి చిన్న టిఫిన్‌లో పెట్టాను.

బళ్ళో కింద చాపలు పరిచారు. మైకులో టీచరమ్మ, "ఇప్పుడు నానమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు మీ పిల్లలకు మీ చేత్తో తినిపించండి, ఫోటో తీస్తాం," అంది. పిల్ల నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కనున్న ముసలాయన తన మనవడికి నేతి అరిసె పెడుతూ, "మీ లడ్డు తింటే మావోడు గూడ తూలుతడా అమ్మా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

"నానమ్మా, మన డబ్బాదేనా?" అని అడిగింది మనవరాలు. ఎప్పుడూ అడుగుతుంది.

"అవ్, మన డబ్బాదే. తిను," అన్నాను.

నోట్లో పెట్టాను. సగం కొరికింది. నమిలి, మింగి, రెండో సగానికి నోరు తెరిచింది. అది కూడా పెట్టాను. ఫోటో తీశారు.

"గొంతు దురద పెడ్తుంది నానమ్మా," అంది. టైము చూశాను. పదీ ఇరవై.

ఆ తర్వాత నాకు వరసగా గుర్తున్నది టైములే. పదీ ఇరవై రెండుకు పెదవులు. ఇరవై మూడుకు కక్కింది. ఆ కక్కినదానిలో నాకు పల్లీ వాసన తగిలింది, అప్పటికి గాని తగలలేదు. ఇరవై అయిదుకు టీచరు భర్త బండి తీశాడు, పిల్ల మా ఇద్దరి మధ్య. దారి పొడుగునా ఆమె వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టాను. పల్లెల్లో జలుబు చేసిన పసిపిల్లలకు అలాగే లెక్కపెట్టేదాన్ని. నిమిషానికి నలభై ఆరు. ప్రతి ఊపిరికీ సన్నగా ఈల. రైల్వే గేటు దాటాక ఈల ఆగింది. తగ్గిందేమో అనుకున్నాను. తగ్గి కాదు, గాలి ఆడక ఆగింది. పదీ ముప్పై ఏడుకు తొడలో ఇంజక్షన్ పొడిచారు. అయిదు నిమిషాలకు ఇంకొకటి.

బతికింది. ఈ మాట చదివేవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారని తెలుసు. నేనూ పీల్చుకున్నాను, ఆ రోజు.

మధ్యాహ్నం ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చింది. ఎవరో చెప్పారట. మంచంలో పిల్లను చూసి, నన్ను చూసి, గోడకు ఆనుకుని కూలబడింది.

"నీకని పెట్టిన వదినా. ఉత్త డబ్బా ఇయ్యొద్దని పెట్టిన. పిల్లకు కాదు, నీకు."

"తెలుసు," అన్నాను.

"నన్ను కొట్టు వదినా. నాలుగు తిట్టు."

తిట్టడానికి ఆమె చేసిన తప్పేమిటో ఎంత వెతికినా నాకు దొరకలేదు. డబ్బా ఖాళీగా ఇవ్వలేదు. తీసుకున్న చోటే పెట్టింది. తప్పు వెతుక్కుంటూ వెనక్కి వెళితే అన్ని దారులూ నా చేతి దగ్గరికే వచ్చి ఆగాయి. ఆమె అప్పటి నుంచి మా ఇంటికి రావడం లేదు. నేనూ పిలవడం లేదు. నమ్మిన ఒక్క మనిషీ అలా పోయింది.

కోడలు రైలు దిగి నేరుగా వచ్చింది. పిల్ల మంచం పక్కన కూర్చుంది. మూడో రోజు ఇంటికి తెచ్చాక, నేను పిల్లకు పాలు కలుపుతుంటే వచ్చి గ్లాసు మెల్లగా నా చేతిలోంచి తీసుకుంది.

"అత్తమ్మా, మీరు కావాలని చేయలేదు. నాకు తెల్సు. కానీ ఇక తనకు మీరు పెట్టొద్దు. నేనే పొద్దున వండి పెట్టి పోతా."

"అట్లనే," అన్నాను.

ఆమె స్థానంలో నేనుంటే ఆ మాట మొదటి రోజే అనేదాన్ని, అంత నెమ్మదిగా అనేదాన్ని కాదు. కబురు అంది ఆ రాత్రే వచ్చిన కొడుకు, శనివారం ఫ్రిజ్ మీది కాగితం చింపాడు. నన్ను నొప్పించాలని కాదు, అది చూడలేక. డబ్బాలు రెండూ పాత సామాను వాడికి వేశారు. నేను రిజిస్టరులో ఆ బుధవారం తారీఖు వేశాను. ఎదురుగా ఏమీ రాయలేకపోయాను. ఆ తర్వాత రోజులకు తారీఖులు కూడా వేయలేదు.

ఆమె బతికిన పిల్లే. ఎత్తు పెరుగుతోంది, చదువుతోంది, పక్కింటి పిల్లలతో తగవులాడుతోంది. కానీ తిండి దగ్గర ఆమె ఇప్పుడు పిల్ల కాదు. దసరాకు మధిరలో కోడలి పుట్టింటికి వెళితే, ఎవరో పళ్ళెం చేతికి అందించారు. "నేను తిన్నా ఆంటీ, కడుపు నిండింది," అంది నవ్వుతూ. ఏడేళ్ళ పిల్ల. పొద్దున ఆరింటికి తిన్నది, అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. ఆ అబద్ధం ఎవరు నేర్పారని నేను అడగలేదు.

బడిలో ఏ కార్యక్రమం ఉన్నా ఆ రోజు ఆమెను ఇంట్లోనే ఉంచుతున్నారు. బాలల దినం, ఒక టీచరు పదవీ విరమణ, నిన్న వార్షికోత్సవం. మూడు రోజులూ ఇంట్లో మేమిద్దరమే. నిన్న పదకొండున్నరకు వాళ్ళమ్మ పెట్టిన డబ్బా తెరిచి, మూత వాసన చూసి, మళ్ళీ మూసింది.

"ఆకలి లేదా?" అన్నాను.

"అమ్మ వచ్చినంక తింటా."

అమ్మ రైలు అయిదూ పదికి వస్తుంది. అయిదు గంటల నలభై నిమిషాలు ఆగాలి. అరటిపళ్ళు ఉన్నాయని గుర్తొచ్చింది. లేచి ఒకటి తెంపి, ఒలవబోయాను.

"నానమ్మా, నువ్వు ముట్టుకోకు," అంది. కోపంగా కాదు. వీధిలో బండి వస్తోంది, పక్కకు జరుగు అన్నట్టుగా, నాకు సాయం చేస్తున్నట్టుగా చెప్పింది. "తోలు ఉన్నవి మంచివి. నేనే ఒలుచుకుంటా. నువ్వు అక్కడ పెట్టు."

బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, నేను పట్టుకున్న ఆ పండును వదిలేసి, గెలలోంచి ఇంకొకటి తెంపుకుంది.